గడప మీద కూర్చున్నవాళ్ళు

వాళ్ళు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను టీ పెట్టి ఇచ్చాను. ఫైనాన్స్ ఆఫీసు నుంచి వచ్చామన్నారు. ఇద్దరు మనుషులు. ఒకతను మాట్లాడుతుంటే రెండో అతను ఫోన్‌తో మా గదిని, కూలర్‌ను, మంచం మీద పడుకున్న మా ఆయనను ఫొటోలు తీసుకున్నాడు. ఎందుకు తీస్తున్నారని అడగడానికి నాకు నోరు రాలేదు. అప్పు ఉన్నవాళ్ళకు అడిగే హక్కు ఉండదేమో అనుకున్నాను.

మేమప్పుడు సూర్యాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తెచ్చి చుట్టుపక్కల దుకాణాలకు వేసేవాడు. ఆ బండి మిర్యాలగూడలో ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పుతో కొన్నది. కాగితాల మీద ఆయన సంతకం కింద నా సంతకం కూడా ఉంది. ఒక్క కిస్తీ తప్పకుండా కడుతూ వచ్చాం. ఒక వానాకాలం వేములపల్లిలో బస్తాలు దించుతూ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. నడుముకు ఆపరేషన్ చేశారు. దవాఖాన నుంచి ఇంటికైతే వచ్చాడు గానీ, గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయాడు. బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది.

ఇక మిగిలింది నా జీతం. నేను చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెప్పేదాన్ని. వేసవి సెలవుల్లో ఆ జీతం కూడా ఉండదు. కిరాయి, మందులు, పాలు, కరెంటు పోగా కిస్తీ దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

టీ తాగి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు టీ వద్దన్నారు. ఆ తర్వాత వచ్చినప్పుడు చెప్పులతోనే లోపలికి వచ్చారు.

"ఏందమ్మా, తినెతందుకు ఉంటయి గని కట్టెతందుకు ఉండయా?" అన్నాడు మాట్లాడే అతను. మా ఆయన వైపు చూసి, "పండుకుంటే అప్పు మాఫ్ అయితదా? లేస్తవా, మమ్మల్ని లేపమంటవా?" అన్నాడు.

మా ఆయన గోడ వైపు తిరిగాడు. నేను ఆ పూటే నా కమ్మలు అమ్మి డబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టాను. రసీదు అడిగితే, "ఆఫీసుల ఎక్కిస్తం తియ్" అన్నాడు. ఎక్కించలేదు.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. అప్పు తీసుకునేటప్పుడు ఇచ్చిన నంబర్లలో మా బడి నంబరు కూడా ఉంది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "మేడం, మీ ఇంటి సంగతులు బడి దాకా రానియ్యకండి" అంది. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ మెత్తని మాటకు నేను రోజంతా తలెత్తలేకపోయాను. మా పాప అప్పుడు రెండో తరగతి. తలుపు చప్పుడైతే టీవీ ఆపేసి, మంచం పక్కన కింద కూర్చునేది. అలా చేయమని మేమెవరమూ చెప్పలేదు. ఒకసారి తనతో ఆడుకునే పిల్ల వచ్చి తలుపు కొట్టినా అలాగే కూర్చుంది.

అన్నింటికన్నా నన్ను భయపెట్టింది మా ఆయన మౌనం. కంచంలో పెట్టింది సగం కూడా తినేవాడు కాదు. బడి నుంచి వచ్చేటప్పుడు సందు మలుపులో ఆగి, ఆయన ఏమైనా చేసుకున్నాడేమో, మా ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారేమోనని చూసేదాన్ని. ఎవరూ లేకపోతే అప్పుడు నడిచేదాన్ని.

మా వాడలో శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఆ వారం మా వంతు. వద్దంటే కారణం చెప్పాలి. అందుకని చాపలు పరిచాను. మా చర్చి పాస్టరమ్మ, ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వచ్చారు. పాట సగంలో ఉండగా వాకిట్లో బైక్ ఆగింది. ఆ ఇద్దరే. చుట్టూ మనుషులను చూసి మాట్లాడే అతనికి ఇంకా బలం వచ్చినట్టుంది.

"దేవుని పాటలు బాగనే పాడుతున్నరు. బాకీ కట్టమని దేవుడు చెప్పలేదా?" అన్నాడు గట్టిగా. "ఇయ్యాల కట్టేదాంక మేం గీడికెల్లి లేవం."

పాట ఆగిపోయింది. నాకు ఆ క్షణం నేల చీలి అందులోకి పోతే బాగుండు అనిపించింది. ఎవరి ముఖమూ చూడలేక చాప అంచు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ నోరు విప్పింది. ఆమె నాకు చుట్టం కాదు, వాడలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మోతె దిక్కు పల్లె నుంచి వచ్చి, కూలి పనులకు పోతూ ఒక్కతే బతికేది.

"కూసోన్రి బిడ్డా," అంది. "మేం గూడ లేవం."

అంతే. మళ్ళీ పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. వాళ్ళిద్దరూ గడప దగ్గర నిలబడ్డారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట అయ్యాక పాస్టరమ్మ ప్రార్థన చేస్తూ మా ఇంటి కోసం, మా ఆయన నడుము కోసం, ఈ ఇంటికి వచ్చిన వాళ్ళందరి కోసం అడిగింది. ఆమెన్ అనేసరికి బైక్ వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. ఒకామె టీ గ్లాసులు కడిగింది. ఒకామె మా పాపకు జడ వేసింది. అప్పు ఎంత అని ఒక్కరూ అడగలేదు.

"ఎన్నొద్దుల సంది ఒక్కదానివే పడుతున్నవ్?" అంది పెద్దమ్మ. "ఇగ వాళ్ళొస్తే నాకు ఫోన్ కొట్టు. నేను లేకుంటే పక్కింటామెకు కొట్టు. ఒక్కదానివి తలుపు తియ్యకు."

ఆ తర్వాత వాళ్ళు వచ్చిన ప్రతిసారి గడప మీద ఎవరో ఒకరు ఉండేవారు. పెద్దమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. ఒకరోజు అతను ఆమెతో, "ముసలమ్మా, నీకెందుకు మధ్యల? వాళ్ళ ఇజ్జత్ పోతది" అన్నాడు.

"ఇజ్జత్ పోయే పని ఏం జేసిన్రు? ఎగ్గొడ్తమన్నరా? మనిషి పడిపోయిండు, లేస్తే కడ్తరు. నువ్వు మెల్లగ మాట్లాడు, లోపట పిల్ల ఉన్నది."

ఆమె అరవలేదు, తిట్టలేదు. కాయలు ఒలవడం ఆపలేదు. అతను మాత్రం చెప్పులు వాకిట్లోనే ఉంచి, అక్కడి నుంచే మాట్లాడి వెళ్ళిపోయాడు.

అందరికీ తెలిసిపోయాక దాచడానికి ఏమీ లేదు. మా ఆయన తనంతట తానే కోదాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆమె భర్త, నాకు అన్నయ్య వరస, అక్కడ ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఆదివారం బస్సెక్కి వచ్చాడు.

"చెల్లెమ్మా, ముందు కంగారు పడమాకు," అన్నాడు. "అప్పు అడిగే హక్కు వాళ్ళకుంది, తిట్టే హక్కు లేదు. పొద్దుగూకాక ఇంటికి రాకూడదు, బడికి ఫోన్లు చేయకూడదు. చేస్తే రికార్డు చేసి పెట్టుకో. రసీదు లేకుండా చేతికి రూపాయి ఇవ్వొద్దు. నేరుగా ఆఫీసుకే వెళ్ళి, ఎంత కట్టగలరో రాసిద్దాం."

"బండి?" అన్నాడు మా ఆయన.

అన్నయ్య వాకిట్లోని టార్పాలిన్ వైపు చూశాడు. "బండి ఉంచుకుంటే ఇల్లు నిలవదు బావా," అన్నాడు.

దరఖాస్తు రాసుకుని, దవాఖాన కాగితాలు జత చేసి, నేనూ పెద్దమ్మా మిర్యాలగూడ వెళ్ళాం. ఆమె ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. మేనేజరు ముందు దరఖాస్తు పెట్టాను. చెప్పాల్సింది చెప్పాను: కడతాం, ఇంతే కట్టగలం, మనుషులను ఇంటికి పంపొద్దు, ఇంకోసారి చీకటి పడ్డాక వస్తే ఠాణాలో ఫిర్యాదు ఇస్తాం. కమ్మలు అమ్మి ఇచ్చిన డబ్బు సంగతీ అడిగాను. మేనేజరు ఆ వసూలు మనిషి పేరు రాసుకున్నాడు గానీ, ఆ డబ్బు మాకు ఎప్పటికీ దొరకలేదు. మా దరఖాస్తుకు మొదటిరోజు కాదన్నాడు. మళ్ళీ వెళ్ళాం. రెండోసారి అన్నయ్య కూడా వచ్చాడు. చివరికి మేం బండి అప్పగిస్తే, దాన్ని అమ్మిన డబ్బు పోను మిగిలిన బాకీని చిన్న కిస్తీలు చేయడానికి ఒప్పుకున్నారు. దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని వచ్చాను.

బండి తీసుకుపోయే రోజు మా ఆయన గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. టార్పాలిన్ తనే తీశాడు. తడిగుడ్డతో ముందు అద్దం తుడిచి, తాళం చెవి వాళ్ళకిచ్చి, "సెకండ్ గేర్ జర గట్టిగ పడ్తది, చూస్కోండ్రి" అన్నాడు. బండి సందు దాటాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు.

కష్టం ఒక్కసారిగా తీరిపోలేదు. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాను. పండుగలకు బట్టలు కొనలేదు. మా ఆయన నడవగలిగాక మిర్యాలగూడలో ఒక మిల్లులో కాంటా దగ్గర కూర్చునే పని దొరికింది. బస్తాలు ఎత్తనక్కరలేదు, తూకం చెబితే చాలు. మేం అక్కడికే మారిపోయాం. పెద్దమ్మ మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చి, కిటికీలోంచి మా పాప చేతిలో జామకాయలు పెట్టింది. బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆఖరి కిస్తీ పోయిన ఏడాది కట్టాం. బాకీ లేదన్న కాగితం తీసుకుని ఇద్దరం రోడ్డు మీదికి వచ్చాం. సంతోషం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఎండగా ఉంది, ఇద్దరికీ ఆకలిగా ఉంది.

"ఏమన్న తిందామా?" అన్నాడు మా ఆయన.

పక్కనే ఉన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ఆయన పప్పు కలుపుకుని, తల ఎత్తకుండా తిని, వడ్డించే అతన్ని పిలిచి ఇంకాస్త అన్నం పెట్టించుకున్నాడు.