గేటు తీసిన అన్నయ్యగారు

మా పక్కింటి అన్నయ్యగారు పోయారని కాకినాడ నుంచి వదిన ఫోన్ చేసి చెబితే, నేను "ఏ హాస్పిటల్లో చేర్చారు?" అని అడిగాను. పోయారమ్మా అని ఆవిడ మళ్ళీ చెప్పింది. బీపీ ఎంతుందని అడిగాను. ఇన్నేళ్ళుగా నర్సు పని చేస్తూ ఇలాంటి మాట ఎందరికో చెప్పినదాన్ని, నాకే చెబితే అర్థం కాలేదు.

ఈ అరబ్బు దేశంలో రువైస్ పట్నం దాటి వెళితే సముద్రం పక్కనుంటుంది మా చిన్న ఊరు. నేను ఇక్కడి క్లినిక్‌లో పనిచేస్తాను. ఆయన మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా ఉండి, కిందటేడు రిటైరై కాకినాడ వెళ్ళిపోయారు. కరోనా రోజుల్లో నేను డ్యూటీలోనే ఉండిపోతే మా పిల్లలకి అన్నం పెట్టింది ఆ ఇల్లే.

అన్నయ్యగారు పని నుంచి రాగానే గుమ్మం బయట నిలబడి చొక్కా చేతులు వాసన చూసుకునేవారు. ఏమీ రావట్లేదని వదిన లోపల్నుంచి చెబితేగానీ అడుగు పెట్టేవారు కాదు. రోడ్డు మధ్య పూలమొక్కలు చూపించి, "ఈ ఊళ్ళో పచ్చగా ఉన్నదంతా మనం వాడి పారబోసిన నీళ్ళేనమ్మా" అనేవారు. మా పిల్లలు ముక్కు మూసుకుని నవ్వితే ఆయనకి సరదా.

ఒక ఏడాది ఇక్కడ ఎన్నడూ చూడనంత వాన పడింది. వాననీళ్ళన్నీ మురుగు లైన్లలోకి దూరితే ప్లాంటు పంపులు తట్టుకోలేకపోయాయి. సముద్రంవైపు గేటు తీయకపోతే మురుగు వెనక్కి తన్ని లేబర్ క్యాంపు కింది గదుల్లోకి వస్తుంది. తీస్తే జాలర్ల పడవలుండే చోటికి పోతుంది. ముదీర్‌కి, అంటే మేనేజరుకి, ఫోన్ కలవలేదు. అన్నయ్యగారు గేటు తీశారు.

క్యాంపులో ఎవరికీ ఏమీ కాలేదు. జాలర్లకి వేట ఆగిపోయింది. ఎక్కువమంది శ్రీకాకుళం వైపు వాళ్ళే. ఒంటినిండా దద్దుర్లతో కొందరు నా దగ్గరికే వచ్చారు. రోజూ సాయంత్రం అన్నయ్యగారు మా గుమ్మం దగ్గరికొచ్చి, ఈరోజు ఎవరైనా వచ్చారా అని అడిగేవారు. వచ్చారంటే తల వంచుకుని వెళ్ళిపోయేవారు. రాలేదన్నా అలాగే వెళ్ళేవారు.

ఆఫీసువాళ్ళు విచారించి ఆయన తప్పేమీ లేదన్నారు. ఖలాస్, అయిపోయిందనుకున్నాం. ఆయన మాత్రం పడవల దగ్గరికి వెళ్ళి, గేటు తీసింది తనేనని చెప్పొచ్చారు. జాలర్లలో పెద్దాయన ఒక్కటే అడిగాడట: "నీ ఇల్లే ఇక్కడుంటే తీసీవోడివేటి బాబూ?"

"తీసేవాణ్ణనే చెప్పానమ్మా. నిజమో కాదో నాకే తెలీదు. నీకేమనిపిస్తోంది?" అన్నారు నాతో.

నాకు క్యాంపువాళ్ళని తలుచుకుంటే ఒకలా, ఆ దద్దుర్లు తలుచుకుంటే ఇంకోలా అనిపించేది. ఇప్పటికీ అంతే.

ఫోన్ వచ్చిన రోజు ప్రార్థనకి కూర్చుంటే ఏమడగాలో తెలియలేదు. లేచి పడవల దగ్గరికి నడిచాను. పెద్దాయనకి సంగతి చెప్పాను.  మీ అన్నయ్య ఊరెళ్ళేదాకా సెలవురోజుల్లో వచ్చి మాతోనే కూర్చునేవాడన్నాడు. నాకు తెలియదు ఆ సంగతి. ఆయన్ని క్షమించారా అని అడిగాను.

"అదేటీ అనుకోనేదమ్మా. వచ్చీవోడు, బోనులు కట్టీవోడు. సరిగ్గా వచ్చీది కాదు."

చేపలు పట్టే ఇనపతీగ బోనుల్లోంచి ఒకటి లాగి చూపించాడు. ఓ పక్కంతా వంకర ముడులు, బయటికి పొడుచుకొచ్చిన తీగ కొసలు. విప్పి మళ్ళీ ఎందుకు కట్టలేదని అడగబోయి ఊరుకున్నాను. ఇద్దరు దాన్ని పడవలోకి అందుకున్నారు. ఇంజను మోగింది. దిగిపోతున్న ఎండలో ఆ తీగ కొసలు కాసేపు మెరిశాయి. తర్వాత పడవ ఒక్కటే కనిపించింది.