నిండుగా పోసి పెట్టిన ఇంజను

మొన్న వానలు పట్టగానే మా అబ్బాయి పొలంలోని డీజిల్ పంపును ఇంటికి తెచ్చి, చలికాలం దాకా దీనితో పని లేదు కదా అని ట్యాంకు వంచుతుంటే, దేవుడి ముందు దీపం పెడుతున్న నాకు ఆ వాసన తగిలింది. ఒంపొద్దని, నిండా పోసి పెట్టమని చెప్పాను గానీ, నా మనసు అప్పటికే తర్లగూడలోని మా పాత పడవ రేవుకు వెళ్లిపోయింది.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆవలి ఒడ్డు ఆసుపత్రికైనా అంగడికైనా పడవే దారి. మా వారే దాన్ని నడిపేవారు. ఎండలు ముదిరి నీళ్లు మోకాలి లోతుకు దిగితే జనం నడిచే దాటేవారు గనుక, ఇంజను విప్పి తొలివానల దాకా ఇంట్లో పెట్టేవాళ్లం. పాత డీజిల్ చెడిపోతుందని ఆయన ట్యాంకు ఖాళీ చేసేవారు. ఒక ఏడాది ఆ ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరి, తుప్పు రేగి, సరిగ్గా ఏరు నిండిన రోజుల్లోనే గొట్టం పూడుకుపోయి పడవ కదల్లేదు.

మరుసటి వేసవికి మా ఆడబిడ్డ తొలి కాన్పుకు వచ్చింది. వానలు మొదలయ్యే వేళకే నెలలు నిండుతాయి. అందుకే ఇంజను పక్కన పెట్టే రోజు మా అత్తగారు పీట వేసుకుని దగ్గరే కూర్చున్నారు. ఏ పాత్రనూ వట్టిగా మూత పెట్టనివ్వని మనిషి ఆమె. గింజలైపోయిన గాదెలో కూడా దోసెడు వడ్లు ఉండాల్సిందే. ట్యాంకు విషయంలోనూ అదే పట్టు.

“ఏందమ్మా, ఇదేమన్న బియ్యం కుండనా? మూలకు పడుండే ఇంజనుకు నిండ డీజిల్ పోస్తరా ఎవరన్న?” అని మా వారు నవ్వారు.

“నిరుడు నీ తెలివి చూసినం గదరా. పిల్లకు నొప్పులొస్తే ఈదుకుంట తీస్కపోతవా?” అన్నారామె.

ఆయన ట్యాంకు అడుగు మర విప్పి, మడ్డీ నీటిచుక్కలూ పోయి తేట డీజిల్ వచ్చేదాకా వదిలారు. కొత్త ఫిల్టరు వేసి, కాసేపు ఇంజను నడిపి ఆపి, ట్యాంకును మూతి దాకా నింపారు. నేను పొగగొట్టానికి నూనెగుడ్డ చుట్టి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. ఏరు ఎర్రగా పొంగుతున్న ఉదయం ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయి. సంగతి తెలిసి మా ఊరివాళ్లూ, చుట్టుపక్కల గోండు గూడేల వాళ్లూ వానలోనే గట్టు మీదికి వచ్చారు. ఇంజను పడవకు బిగించి హ్యాండిలు తిప్పితే కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. గొట్టంలో చిక్కిన గాలి తీసి ఆయన మళ్లీ తిప్పారు. ఈసారి అందుకుంది. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నదికి చేతులు జోడించారు. సాయంత్రం ఆయన ఒక్కరే తిరిగొచ్చి, “ఆడపిల్లనే అమ్మా, ఇద్దరు మంచిగున్నరు. నీ డీజిలే గెలిచింది” అన్నారు.

ఇప్పుడు వంతెన మీదుగా అంబులెన్సు రెప్పపాటులో దాటిపోతుంది. ఫలానా ఇంట్లో నొప్పులని ఊరికి తెలిసేలోగానే బిడ్డ ఫొటో ఫోనులోకి వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి, అంతా ఆ దేవుడి దయ. కాకపోతే ఆ ఉదయం గట్టు మీద మాతో పాటు తడుస్తూ నిలబడ్డ వాళ్లలో సగం మందికి మా తెలుగు రాదు, నాకు వాళ్ల గోండి రాదు. అయినా ఇంజను అందుకోగానే అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం. ఒక ఆడపిల్ల కోసం అంతమంది వానలో నిలబడాల్సిన అవసరం ఈ రోజు లేదు. లేకపోవడమే మంచిదని తెలిసీ, వాన పట్టినప్పుడల్లా ఆ మనుషుల ముఖాలు ఒక్కొక్కటిగా తలుచుకుని దండం పెట్టుకుంటాను.