స్క్రూలక్క సంతకం

పదకొండేళ్లుగా ఆమె పరీక్షించిన ప్రతి స్క్రూకీ సంతకం వేరొకరిది. కాంట్రాక్టు మనిషి సంతకం చెల్లదని నిబంధన. ఆమె పరీక్షిస్తుంది. పక్క గదిలోంచి చిన్న ఇంజనీరు వచ్చి సంతకం చేసి, టీ తాగి వెళ్తాడు. ఆమె తర్వాతి స్క్రూ అందుకుంటుంది. ల్యాబులో ఆమెను స్క్రూలక్క అంటారు.

అక్కడ తయారయ్యేవి చెప్పుల పెట్టెంత ఉపగ్రహాలు. బ్యాటరీ ఒక డబ్బా, రేడియో ఒక డబ్బా. గిన్నెల్లా పేర్చి బిగిస్తారు. ఏది పాడైతే ఆ డబ్బా ఒక్కటే మారుస్తారు. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల గాలికి భూమి తన అయస్కాంత శక్తినే గొడుగుగా పట్టుకుంటుంది. ఆ గొడుగు ఎక్కడ ఎంత వంగుతోందో కొలవడం వీటి పని. కొలిచే సెన్సరు ఎంత సున్నితమంటే, పెట్టెలో అయస్కాంతం పట్టిన స్క్రూ ఒక్కటున్నా చాలు, భూమిని వదిలేసి దాన్నే కొలుస్తూ కూర్చుంటుంది.

అందుకే స్క్రూలక్క గదిలో బల్లకు మేకు కూడా ఉండదు. ఆమె జడకు నూలు తాడు కట్టుకుని వెళ్తుంది.

"పిన్నీసు కూడా పనికిరాని ఆఫీసేంటే?" అంటుంది అత్తగారు.

"మీరొస్తే మోకాట్లో రాడ్డు తీసి గుమ్మం దగ్గర పెట్టమంటారత్తయ్యా."

ఉపగ్రహాన్ని మూసేసే రోజు పొద్దున పెద్ద ఇంజనీరు దాని లోపల బిగించే పేర్ల రేకు తెచ్చాడు. తయారుచేసినవాళ్ల పేర్లు, పదహారు. రేకు అల్యూమినియమే. పేర్లు చెక్కిన కొట్టతను మాత్రం నాలుగు మూలలా తన దగ్గరున్న మెరిసే ఉక్కు స్క్రూలు పెట్టి ఇచ్చాడు. స్క్రూలక్క పదహారు పేర్లూ పైనుంచి కిందికి చదివింది. తర్వాత రేకును సెన్సరు దగ్గర పెట్టింది. తెర మీద గీత లేచి నిలబడింది.

"సార్, దీన్ని పంపలేం."

"నీ పేరు లేదనా అక్కా?" అన్నాడు చిన్న ఇంజనీరు. అందరూ నవ్వారు.

ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుకే అయిపోతుంది. పొడిగించే కాగితం పెద్ద ఇంజనీరు బల్ల మీదే ఉంది. ఊరుకుంటే అడిగేవాడు లేడు; సంతకం ఎలాగూ తనది కాదు.

"పేర్లు ఉండనివ్వండి సార్. స్క్రూలు మార్చాలి. లేదంటే ఇది పైన తిరిగే రెండేళ్లూ మీ పేర్లనే కొలుస్తుంది."

పెద్ద ఇంజనీరు గీత వంక చూశాడు. "మార్చు," అన్నాడు.

అయస్కాంతం అంటని టైటానియం స్క్రూలు నాలుగు పరీక్షించి బిగించింది. గీత పడుకుంది. చిన్న ఇంజనీరు వచ్చి సంతకం చేశాడు. టీ తాగాడు.

ఉపగ్రహం పైకి వెళ్లింది. గొడుగును చక్కగా కొలుస్తోంది. తప్పును సమయానికి పట్టినందుకు ల్యాబు ప్రశంసాపత్రం ఇచ్చింది. కాగితం మీద సంతకం ఎవరిదైతే వాళ్లకే. స్క్రూలక్క కాంట్రాక్టును మూడు నెలలు పొడిగించారు.

చిన్న ఇంజనీరు ఫ్రేము కట్టించి తెచ్చాడు. "మన పని బాగా మెచ్చుకున్నారక్కా!"

ఆమె ఫ్రేము వెనక్కి తిప్పి చూసింది. "మేకులున్నాయి. గదిలోకి తేకు," అంది.

మీ దగ్గరికి ఏ కాగితమైనా సంతకానికి వస్తే, ఆ పని చేసిందెవరో ముందు అడగండి. వాళ్లను పిలిచి కలం చేతికివ్వండి. నిబంధన ఒప్పుకోదంటే, దాన్ని మార్చమని రాసి కింద మీరు సంతకం పెట్టండి. మీది చెల్లుతుంది కదా.