దొరగారి డిప్ప

మా బావ చెయ్యి పడితే చెక్క అద్దమైపోయేది. గొప్పకి చెప్పడం లేదు, ఆయన పాలిష్ పెట్టిన బీరువా తలుపులో చూసుకుని నేనొకసారి గడ్డం గీసుకున్నాను. ఆయన పనిచేసే కార్ఖానాలో కుర్చీలూ బల్లలూ మంచాలూ తయారవుతాయి. అక్కడ ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ అద్దం మేస్త్రి. నాకు మాత్రం మా అక్క మొగుడు. ఒక మనిషి మీద జాలీ ఒళ్లుమంటా ఒకేసారి ఎలా కలుగుతాయో తెలియాలంటే ఆయనతో బంధుత్వం ఉండాలి.

మాటలు రాని మనిషి కాదు. వాటిని వాడడు, అంతే. చెప్పాల్సింది చేత్తో చెబుతాడు. మా అక్కకి కోపమొచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒక వస్తువు తళతళలాడేది. అలిగి మా ఇంటికి వచ్చి మర్నాడు తిరిగి వెళ్లేసరికి పీటలు కూడా మెరుస్తూ ఉండేవి. "మీ బావకి 'పొరపాటైంది' అనే మాట చెప్పడం కన్నా మంచానికి మూడు పూతలు పుయ్యడం సులువురా," అని నవ్వేది. ఆ నవ్వు ఉన్నన్నాళ్లూ ఆ కాపురానికి మాటల లోటు తెలియలేదు.

అక్క మామూలు జ్వరమని ఆస్పత్రికి వెళ్లింది, మరి తిరిగి రాలేదు. అప్పటికి కూతురు అయిదో తరగతి. మేనకోడలు కదా అని చెప్పడం కాదు, బుద్ధిమంతురాలు. అందరం అమ్మలూ అంటాం. వాళ్లుండేది కార్ఖానా మీద రెండు గదుల్లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్పిరిట్టూ వార్నిషూ కలిసిన ఘాటు మెట్లెక్కి వచ్చేది. అక్క ఉన్నప్పుడు కిటికీలు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో ఆవిడే చూసుకునేది. అక్క పోయాక పిల్లకి దగ్గు పట్టుకుంది. ఆ గాలికి దూరంగా ఉంచకపోతే లాభం లేదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అలా అమ్మలు మా ఇంటికి వచ్చేసింది. బావ పని మానలేడు, ఇల్లు మారలేడు. ఆదివారం కార్ఖానాకి సెలవు, ఘాటు ఉండదు. ఆ రోజు పిల్ల బస్సెక్కి నాన్న దగ్గరికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేది.

నాన్న దగ్గరికి అన్నాను గానీ, నిజానికి దొరగారి దగ్గరికి.

దొరగారంటే ఒక నీళ్ల తాబేలు. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు అక్క కొని తెచ్చింది. చెవుల దగ్గర ఎర్ర చారలు, మెడ మీద పచ్చ గీతలు. రోజంతా రాతి మీద కూర్చుని ఎవరో వచ్చి సేవ చెయ్యాలన్నట్టు చూస్తుంది కాబట్టి అక్క ఆ పేరు పెట్టింది. వెనక గదిలో కిటికీ పక్కన గాజుతొట్టి, అందులో సగానికి నీళ్లు, ఎక్కి కూర్చోవడానికి ఒక బండరాయి, దాని మీద ఎండ బదులు ఒక దీపం. అమ్మలు వెళ్లగానే చెప్పులు విడిచి తిన్నగా ఆ తొట్టి దగ్గర కూర్చునేది. తండ్రీ కూతుళ్లు మాట్లాడుకున్న ప్రతి మాటా ఆ తాబేలు మీదుగా వెళ్లాల్సిందే. "తిన్నారా?" అంటే దొరగారు తిన్నారా అని. "బాగున్నారా?" అన్నా అంతే. అక్కని గురించి ఒక్క మాట అనుకోలేని ఆ ఇద్దరూ తాబేలు తిండి గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు.

మా ఆవిడ ఒకసారి మంచి మనసుతోనే అంది, "ఆ తొట్టేదో మనింట్లో పెట్టేస్తే పిల్లకి తోడుగా ఉంటుంది కదా" అని. నేను వెళ్లి బావతో చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అదీ వెళ్లిపోతే అమ్మలు ఇక్కడికి ఎందుకొస్తుందిరా?" అన్నాడు.

నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి దొరగారిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. పాత దీపం తీసేసి మంచిది పెట్టాడు. నీళ్లు మార్చడం, తిండి వెయ్యడం అన్నీ వేళకి. ఆ సేవకి తాబేలు ఇట్టే పెరిగింది. పెరిగిందే అసలు గొడవంతా.

పాలిష్ పనివాళ్ల నోట్లో ఒక మాటుంది, పొర లేచింది అని. చెక్క మీద పూత పట్టు వదిలేసి అంచు పైకి లేస్తే అలా అంటారు. లోపలికి తడి దిగితే అక్కడ పాలు పోసినట్టు తెల్లగా మసకబారుతుంది. దానికి ఒకటే వైద్యం. లేచినదంతా గీకెయ్యాలి, గరుకు కాగితంతో రుద్దాలి, స్పిరిట్‌తో తుడవాలి, కొత్త పూత వెయ్యాలి. ఊరుకుంటే లోపల చెక్క పుచ్చిపోతుంది. బావ బతుకంతా ఈ పనే చేశాడు.

ఒకరోజు నీళ్లు మారుస్తూ చూశాడు. దొరగారి డిప్ప మీద పెంకులు అంచుల దగ్గర లేస్తున్నాయి. కింద తెల్లగా మసక. పొర లేచింది అనుకున్నాడు. ఆ మాట మనసులోకి వచ్చాక ఇంకో ఆలోచనకి చోటేది?

ఎవర్నైనా అడగొచ్చు. తాబేళ్లు అమ్మే కొట్టు ఉంది, జంతువుల డాక్టరమ్మ ఉంది. అన్నిటికీ మించి అమ్మలు ఉంది. కానీ కూతురికి తెలిస్తే, నీకు చూసుకోవడం రాదని తొట్టితో సహా మా ఇంటికి పట్టుకుపోతుందని ఆయన భయం. ఆ భయంతో నోరు కుట్టేసుకున్నాడు. ఆదివారం లోపు బాగుచేసేస్తే చాలనుకుని తాబేలుని ఎత్తుకుని పనిగదిలోకి దిగాడు.

ఆ తర్వాత ఏం చేశాడో నాకు ఆయనే చెప్పాడు, ఏదీ దాచకుండా. లేచిన పెంకుల్ని గోటితో లాగాడు. రాని వాటిని పల్చటి బ్లేడుతో లేపాడు. ఒకచోట రక్తం చెమ్మ కనబడితే దూదితో అద్దాడు. గరుకు కాగితంతో రుద్దాడు, స్పిరిట్‌తో తుడిచాడు, వార్నిష్ రెండు పూతలు పూశాడు. అంతసేపూ దొరగారు తల లోపలికి లాక్కుని బుస కొడుతూనే ఉన్నారట. పూత ఆరేదాకా ఆ గదిలోనే ఉంచాడు. సొంత కూతురికి పడని గాలి ఆ చిన్న ప్రాణికి ఎలా పడుతుందనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం అమ్మలు తొట్టి ముందు కూర్చుని కళ్లు పెద్దవి చేసింది. "ఏంటి నాన్నా, ఇంత మెరిసిపోతున్నారు?"

"పాచి పట్టింది. కడిగాను."

పిల్ల వంగి వాసన చూసింది. "స్పిరిట్ వాసనొస్తోంది."

"నా చేతులే అమ్మలూ."

ఆ చేతులకి ఎప్పుడూ ఉండే వాసనే కాబట్టి నమ్మింది. "దొరగారు పెళ్లికొడుకులా ఉన్నారు," అని పకపకా నవ్వింది. తల్లి పోయాక ఆ ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అదే. ఆ రోజు చీకటి పడేదాకా ఉండిపోయింది. దింపడానికి బావే వచ్చాడు. మా గుమ్మంలో నిలబడి, "నవ్విందిరా," అన్నాడు. ఇంకేం చెప్పకుండా వెళ్లిపోయాడు. నాకూ సంతోషమే అనిపించింది. ఆ నవ్వు దేని మీద నిలబడిందో అప్పటికి నాకు తెలియదు.

తర్వాత దొరగారు తిండి మానేశారు. రాయి మీదే మెడ చాచి, నోరు తెరిచి కూర్చునేవారు. ముక్కు దగ్గర బుడగలు. పిల్ల అడిగితే బావ "ఎండలు కదా," అనేవాడు. రెండు మూడు ఆదివారాలు అలా నెట్టుకొచ్చాడు. ఒకసారి పిల్లని తీసుకురావడానికి నేను వెళ్లేసరికి అమ్మలు తాబేలుని ఒళ్లో పెట్టుకుని ఉంది. గదిలో కుళ్లు వాసన. డిప్ప అంచున గోరు పెట్టి గీరితే పల్చటి పసుపు పొట్టు చేతికి వచ్చింది. దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. కార్ఖానా మీద పుట్టి పెరిగిన పిల్ల. అదేమిటో దానికి ఒకరు చెప్పాలా?

"నాన్నా, దీనికి ఏం పూశావు?"

బావ గోడవైపు చూస్తున్నాడు.

జంతువుల డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆవిడ దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. ఎక్కడో బావ చెయ్యి పడని చోట లేచి ఉన్న ఒక పెంకుని వేలితో తాకితే, ఉల్లిపొరలాంటిది తేలిగ్గా ఊడొచ్చింది. దాని కింద పచ్చగా, గీతలతో, కడిగినట్టు కొత్త పెంకు.

"ఇది జబ్బు కాదండీ," అంది. "బాగా తిని పెరుగుతోంది కాబట్టి పాత పెంకులు వదులుతోంది. మధ్యలోకి నీళ్లు చేరి తెల్లగా కనిపించి ఉంటుంది. దానంతట అదే ఊడాలి, మనం లాగకూడదు. జబ్బైతే మెత్తబడుతుంది, గుంటలు పడతాయి, వాసనొస్తుంది."

బావ మెల్లగా అడిగాడు, "ఇప్పుడు ఉన్నాయా అవి?"

"ఇప్పుడు ఉన్నాయి. ఆ ఘాటుకి ఊపిరితిత్తులు కూడా దెబ్బతిన్నట్టున్నాయి."

బయటికి వచ్చాక మెట్ల మీద అమ్మలు తండ్రి వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అమ్మ ఉన్నప్పుడు కూడా ఒకసారి ఇలాగే ఊడాయి," అంది. "అమ్మ వాటిని అగ్గిపెట్టెలో దాచిపెట్టింది. నా దగ్గరే ఉంది. అడిగితే చెప్పేదాన్ని కదా నాన్నా."

బావకి ఈసారి చేత్తో చెప్పే దారి కూడా లేదు.

మందులిచ్చారు, వెచ్చగా ఉంచమన్నారు. దొరగారు ఆ వారం దాటలేదు. కార్ఖానా వెనక పెరట్లో బావ గొయ్యి తవ్వాడు. అమ్మలు అగ్గిపెట్టెతో సహా అందులో పెట్టి, ఏడవకుండా మట్టి కప్పింది.

తర్వాతి ఆదివారం వెళ్లనంది. పరీక్షలంది, తలనొప్పంది. ఇంట్లో నేను కొంత బతిమాలి, కొంత కసిరి, ఒకరోజు నాతోపాటు తీసుకువెళ్లాను. వెనక గదిలో ఖాళీ తొట్టి అద్దంలా తుడిచి ఉంది. పిల్ల కుర్చీ అంచున, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. "తిన్నారా?" అని బావ అలవాటుగా మొదలుపెట్టి, ఆగి, "తిన్నావా?" అన్నాడు. "ఊఁ," అంది పిల్ల. అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోయాయి.

వచ్చేటప్పుడు పిల్ల ముందు మెట్లు దిగిపోయింది. బావ నా భుజం పట్టుకుని ఆపాడు.

"లాక్కొచ్చావా?"

"లేకపోతే రాదు బావా. ఏం చెయ్యమంటావు?"

"లాగకురా," అన్నాడు. "దానంతట అదే రావాలి."

ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. అప్పటి నుంచి పిల్లని బలవంతపెట్టలేదు. ఆదివారం నేనొక్కణ్నే వెళ్లి కాసేపు కూర్చుంటున్నాను. నేను వెళ్లేసరికి ఆయన సబ్బు పెట్టి చేతులు మోచేతుల దాకా రుద్దుకుంటూ ఉంటాడు. ఎర్రగా కందిపోయిన ఆ చేతులు నా ముక్కు దగ్గర పెట్టి, వాసన పోయిందా చూడమంటాడు. పోదు. పోయిందనే చెబుతాను. కిటికీలన్నీ తెరిచి, వీధి కనబడేలా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

అమ్మలు ఇంకా రాలేదు.