గ్లోవ్స్ తీసి పెట్టిన బొట్టు

మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏటా దసరా సెలవులిచ్చే ముందు ఆయుధ పూజ చేస్తాం. దాని గురించి చెప్పాలంటే ముందు ఫ్యూమ్ హుడ్ గురించి చెప్పాలి. ప్రయోగం చేసేటప్పుడు వచ్చే విషవాయువులు మన ముక్కుకి చేరకుండా పైకి లాగేసే గాజు తలుపు అల్మరా అది. మా వాళ్ల కంటికి మాత్రం అది అచ్చం దేవుడి గూడు. అమ్మవారి పటం అందులోనే పెడతారు. ఫ్యాను గాలికి దీపం కొండెక్కుతుందని ఫ్యాను కట్టేస్తారు. బూట్లు గుమ్మం బయట విప్పాలి. తెల్లకోటు మీద నానారకాల మరకలుంటాయి కనుక అదీ తీసేయాలి. ఇక గ్లోవ్స్ సంగతి చెప్పక్కర్లేదు. ఏడాది పొడుగునా ఏవేవి వేసుకోవాలని పిల్లలకి గొంతు చించుకుని చెబుతామో, అవన్నీ ఆ పూట మేమే విప్పి గుమ్మం పక్కన కుప్ప పోస్తాం.

ఇది తలుచుకుంటే నవ్వు రావాలి. ఒకప్పుడు వచ్చేది కూడా.

ఆ ల్యాబ్‌లో నాకు మనసుకి దగ్గరైన మనిషి అక్క ఒక్కతే. సొంత అక్క కాదు. నాతోపాటు అదే కాలేజీలో పాఠాలు చెబుతూ, నాలాగే అక్కడి గైడు గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేది. నాకంటే పెద్దది. ద్రాక్షారామంలో వాళ్లకి బట్టల కొట్టుంది. పొద్దున్నే వంట ముగించుకుని బస్సెక్కి వస్తూ నాకోసం విడిగా ఒక చిన్న డబ్బాలో కూర తెచ్చేది. నాది చిరాకు స్వభావం. తాళం కనబడకపోయినా, చాక్‌పీసు విరిగినా ఎవరో ఒకరి మీద విరుచుకుపడతాను. అక్క మాత్రం దేనికైనా "పోనీలేవే" అనేది. ఆ మాట మీద నాకు ఇవాళ ఎంత కోపముందో చెప్పలేను.

అక్క పరిశోధనంతా అయానిక్ లిక్విడ్ మీద. అది ఒక ఉప్పు. కానీ మన వంటింటి ఉప్పులా పలుకులుగా ఉండదు, గది వేడికే కరిగిపోయి పల్చటి తేనెలా ఉంటుంది. రసాయనాలని అందులో కరిగించి, వేడిచేసి, కొత్తవి తయారు చేసుకోవచ్చు. దానికి వాసన లేదు. ఆవిరైపోదు. అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. అందుకని దానికి గ్రీన్ సాల్వెంట్, అంటే హాని చేయని ద్రావకం, అని పేరు పెట్టి అందరూ నెత్తిన పెట్టుకున్నారు. మా గైడు గారైతే ల్యాబ్ చూడ్డానికి ఎవరొచ్చినా ఆ సీసా చేతికిచ్చి, "పసిపిల్లలు కూడా పట్టుకోవచ్చండి" అనేవారు.

ముక్కు మండించే యాసిడ్‌ని చూస్తే ఎవరైనా వెనక్కి జరుగుతారు. వాసన లేనిదాన్ని చూసి ఎవరూ జరగరు. పైగా ఆవిరి కాదు అంటే ఎప్పటికీ ఆరదు అని కూడా అర్థం. సీసా మూతి నుంచి కారిన చుక్క నెల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. మా సీసాలోదాన్ని నీళ్లతో తుడిస్తే పోదు, ఇంకాస్త మేర పరుచుకుంటుంది.

ఆ సీసాలోని ఉప్పులో ఫ్లోరిన్ ఉంది. కొత్తగా ఉన్నప్పుడు అది బుద్ధిగానే ఉంటుంది. కానీ ఖరీదైన సరుకు కనుక, మళ్లీ మళ్లీ వాడటమే గొప్ప కనుక, పని అయిన ప్రతిసారీ దాన్ని వేరుచేసి తిరిగి అదే సీసాలో పోసేవాళ్లం. తడీ, యాసిడ్, వేడీ తగిలిన కొద్దీ అది కొంచెం కొంచెంగా విరిగిపోతుంది. అలా విరిగితే పుట్టేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. అది గాజుని తినేస్తుంది. పల్చగా ఉన్నప్పుడు చర్మం మీద పడితే వెంటనే మండదు కూడా. చప్పుడు చేయకుండా లోపలికి దిగి, ఎముకలో కాల్షియం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతుంది.

ఆ సీసా లోపలివైపు గాజు మసకబారడం చూసి నేను గైడు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

"సరిగ్గా కడిగి ఉండరండి," అన్నారాయన.

"మసక కాదండి సార్. గాజుని తినేస్తోందండి. ఇది పారేయాలి."

"పారేస్తే ఆవిడ థీసిస్ ఏమవుతుందండి? సెలవులయ్యాక చూద్దాం. ముందు పూజ కానివ్వండి."

పూజ రోజు పొద్దున అటెండరు బల్లలూ సీసాలూ అన్నీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. ఆడవాళ్లలో పెద్దది కనుక బొట్లు పెట్టే పని అక్కది. తలస్నానం చేసి, చామంతులు పెట్టుకుని, ఉత్త కాళ్లతో, ఉత్త చేతులతో వచ్చింది. గిన్నెలో పసుపు తడిపి ఒక్కో సీసాకీ రాస్తూ, దాని మీద ఉంగరం వేలితో కుంకుమ అద్దుతూ వరసగా వెళ్తోంది. ఆ సీసా దగ్గరికి వచ్చేసరికి నేను అడ్డుపడ్డాను.

"అక్కా, దీనికి వద్దు. పెట్టాలంటే గ్లోవ్స్ వేసుకో."

"గ్లోవ్స్‌తో బొట్టేంటే? అమ్మవారు నవ్వుతుంది."

"దాని గాజు చూడు ఎలా అయిపోయిందో."

"మూత తియ్యట్లేదుగా. పైపైన బొట్టేగా. పోనీలేవే."

తక్కిన సీసాలకి గబగబా పెట్టేసిన మనిషి దీని దగ్గర ఆగింది. తన చదువు పూర్తయ్యేదీ, పేరు ముందు డాక్టర్ అని చేరేదీ ఆ సీసా వల్లే. దాన్ని ఎడమచేత్తో ఎత్తి, పసుపు నిండుగా పట్టించింది. కుంకుమ మాత్రం నిలవలేదు. పైన ఏదో జిడ్డు ఉండి జారిపోతోంది. ఉంగరం వేలు గట్టిగా నొక్కి పెట్టి, మళ్లీ కుంకుమ తీసుకుని, మళ్లీ రుద్దింది. నిలిచేదాకా వదల్లేదు. నిలిచాక కళ్లకద్దుకోబోతే నేను సీసా లాక్కున్నాను. అందరూ నవ్వారు. తర్వాత అక్క సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. గోటి సందులో పచ్చదనం పోలేదు, పసుపే కదా అనుకుంది. పులిహోర తిని ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. "వేలు సలుపుతోందే. గోటి కింద ఎవరో సూది పెట్టి తిప్పుతున్నట్టుంది."

"తెల్లగా పాలిపోయిందా అక్కా?"

"ఏమో, పచ్చగా ఉంది. నొప్పికని ఇంకాస్త పసుపు పెట్టాను."

ఆ యాసిడ్ తగిలిన చర్మం తెల్లబడుతుంది. అదొక్కటే అది బయటికి చూపించే గుర్తు. ఆ ఒక్క గుర్తు మీదా పసుపు పూసి ఉంది. వాళ్ల వీధి చివర డాక్టరు గారు చూసి, పుండు లేదు, బొబ్బ లేదు, వేలు పచ్చగా ఉంది, ఏం లేదమ్మా అని నొప్పి బిళ్లలూ, కాలిన గాయాలకి రాసే ఆయింట్‌మెంటూ ఇచ్చి పంపించారట. ఆయన్ని మాత్రం ఏమనగలను? ల్యాబ్ కెమికల్ అని చెప్పమని నేను ఫోన్లో అంటే, అక్క ఆయనకి నూనె లాంటిదేదో అంటుకుందని చెప్పింది.

దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ జెల్. తగిలిన వెంటనే బాగా కడిగి, అది రాస్తూ ఉంటే కాల్షియం కోసం వెతికే ఆ యాసిడ్‌కి ఎముక జోలికి పోకుండానే కాల్షియం దొరుకుతుంది. ఆ జెల్ మా ల్యాబ్‌లో లేదు. కొనమని నేను అడిగినప్పుడల్లా, గ్రీన్ సాల్వెంట్‌కి అదెందుకండి అన్నారు గైడు గారు. ఆ రోజు మా కాలేజీ ఉన్న రామచంద్రపురంలో పండగ పూట తెరిచి ఉన్న మందుల షాపులన్నీ తిరిగాను. ఒకాయన పశువుల మందుల షాపుకి వెళ్లమన్నాడు. వెళ్లాను. అక్కడ కాల్షియం సీసాలు అరల నిండా ఉన్నాయి.

"గేదెకాండి? ఈనిందాండి?" అని అడిగాడు షాపాయన.

"మనిషికండి. వేలికి రాసే జెల్ కావాలండి."

"మనుషులకి అలాంటిది మా దగ్గర రాదండి."

ఈనిన గేదె కూలబడిపోకుండా లేపి నిలబెట్టే మందు మా డెల్టాలో ఎక్కడైనా దొరుకుతుంది. ఒక ఆడమనిషి వేలు కాపాడే మందు దొరకదు. రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. పండగ బట్టల్లో జనం చూసుకుంటూ వెళ్లారు.

అక్క భర్త కారు మాట్లాడాడు. అమ్మవారి ఊరేగింపులు అడ్డం వస్తుంటే ఆగుతూ ఆగుతూ కాకినాడ చేరాం. పెద్దాసుపత్రిలో డాక్టరుకి నేనే అంతా చెప్పాను. ఆయన విసుక్కోకుండా విన్నాడు. వేలిలోకే కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చాడు. నొప్పి కొంచెం తగ్గింది. "నిన్ననే వచ్చి ఉండాల్సిందండి," అన్నాడు. నిన్న మేం పులిహోర తింటున్నాం. తర్వాత గోరు తీసేశారు. గోటి కింద కుళ్లిన కండ, కొంచెం ఎముక తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి కుట్టారు. వేలైతే మిగిలింది. దానికి స్పర్శ మిగల్లేదు.

కాలేజీలో అందరూ బాధపడ్డారు. పళ్లు పట్టుకుని చూడ్డానికీ వెళ్లారు. సంగతి బయటికి పొక్కితే ల్యాబ్ మూసేస్తారు, పిల్లల చదువులు పోతాయి అని నాకు నచ్చజెప్పారు. అక్కే నా చెయ్యి పట్టుకుని, "అమ్మవారి పూజలో జరిగిందే. ఎవరిని అంటాం?" అంది. తిట్టడానికి నాకు ఒక్క మనిషినైనా మిగల్చలేదు. అక్క చదువు ఆపేసింది. అక్క చేసిన పనితోనే గైడు గారు వేసిన రీసెర్చ్ పేపర్లో మొదటి వాక్యంలో సురక్షితమైన ద్రావకం అనే ఉంది.

సీసా ఇంకా ఉంది. సింకులో పోస్తే కాలవలోకి, కాలవ నుంచి రొయ్యల చెరువుల్లోకి పోతుంది. నీళ్లలో బతికే వాటికి అది విషం. కాల్చకూడదు, పాతకూడదు. ఇలాంటివి తీసుకెళ్లే కంపెనీకి ఒక్క సీసా కోసం రావడం గిట్టదట. నేను దాన్ని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఎర్రటి అక్షరాలతో హెచ్చరిక రాసి అడుగు అరలో ఉంచాను. కిందటి దసరాకి ఎవరో ఆ డబ్బాకి కూడా బొట్టు పెట్టారు. గుమ్మం పక్కన గ్లోవ్స్ కుప్ప అలాగే ఉంది. నేను అరిచాను. ఈవిడకి అన్నీ చాదస్తాలే అన్నట్టు చూశారు. మళ్లీ అరిచే ఓపిక నాకు లేదు, అరిచినా ఏమీ మారదు.

ఈమధ్య ద్రాక్షారామం వెళ్లి అక్కని చూసి వచ్చాను. అన్నం స్పూనుతో తింటోంది. కలిపితే వేడో చల్లో ఆ వేలికి తెలియక ఒకసారి కాల్చుకుందట. నేను బయల్దేరుతుంటే ఆగమని కుంకుమ భరిణె తెచ్చింది.

"వేరే వేలితో పెట్టు అక్కా," అన్నాను.

"బొట్టు ఈ వేలితోనేగా పెడతారు," అంది.

గోరు లేని ఆ వేలు భరిణెలో ముంచి, కుంకుమ అంటిందో లేదో కళ్లతో చూసుకుంది. నా నుదుటి మీద పెట్టి నొక్కింది. ఆ రోజు సీసా మీద నొక్కినట్టే. తీయకుండా అలాగే ఉంచి నా మొహంలోకి చూసింది.

"తగిలిందా?" అని అడిగింది.

"తగిలింది అక్కా," అన్నాను.

ఆవిడకి నమ్మకం కుదరలేదు. మళ్లీ కుంకుమ తీసుకుని మళ్లీ నొక్కింది.