విత్తనాల దొప్ప రాని ఏడు

మొన్న భద్రాచలం బస్సులో ఇద్దరు కుర్రాళ్లు సీటు కోసం తగువుపడ్డారు. ఒకడు "కోయోడా" అనేసరికి రెండోవాడు కాలరు పట్టుకున్నాడు. వాళ్లను విడదీసి వచ్చిన కండక్టరుతో నేను గొప్పగా చెప్పాను: "అదే మాట నేను ఇరవై ఏళ్లు, నలభై ఊళ్లలో అన్నానయ్యా. ఒక్కడూ నొచ్చుకోలేదు."

నలభై ఊళ్లు కాదు. ఒక్క ఊరు, ఒక్క మనిషి. ఆయన కూడా ఒకసారి నొచ్చుకున్నాడు.

డెబ్బైలలో మేం కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడు అవతల సేద్యానికి దిగాం. మా పక్క చేను ఒక కోయ రైతుది. దుక్కి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏ మబ్బును నమ్మకూడదో ఆయనే నేర్పాడు. మొదటి ఏడే బావా అని వరస కలిపాడు. బావలన్నాక ఎకసెక్కాలు హక్కు కదా! తెల్లారితే చాలు, గట్టు మీంచి కేక వినపడేది.

"ఏందిర ఆంధ్రోడా, ఇంక లేవలే?"

"లేచానురా కోయోడా, నీ ఎద్దుల కంటే ముందే!"

ఇద్దరం పగలబడి నవ్వేవాళ్లం. అదే "ఆంధ్రోడా" అని ఇల్లందు బస్సులో ఎవడో విసుక్కుంటే నాకు ఒళ్లు మండింది. వాణ్ణి కొట్టానని ఇంట్లో చెప్పాను గాని, నిజానికి బస్సు దిగి మూడు మైళ్లు నడిచాను.

బావ వాళ్ల గూడెంలో విత్తనాల పండుగ కాందే ఎవరూ గింజ వేయరు. పండుగ మర్నాడు ఆయన మోదుగాకు దొప్పలో గుప్పెడు జొన్నలు తెచ్చి నా విత్తనాల్లో కలిపేవాడు. ఆ తర్వాతే నా గొర్రు కదిలేది. మావాళ్లు నవ్వేవారు గాని, ఆ గుప్పెడే నాకు ధైర్యం.

ఒక వేసవిలో మా బంధువులు వచ్చారు, ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు. అరుగు మీద కూర్చుని ఉండగా బావ వాళ్ల కోసమని తేనె సీసా పట్టుకొచ్చాడు. నేను బంధువుల వైపు తిరిగి, "మా కోయోడు. ఏ పని చెప్పినా చేస్తాడు" అన్నాను. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బావ సీసా గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఏడు పండుగ అయింది, దొప్ప రాలేదు. వాన పడింది. చుట్టుపక్కల అందరూ విత్తేశారు. నా చేలో పదును ఆరిపోతోంది. ఆ గుప్పెడు జొన్నలు కలపకుండా విత్తడానికి నాకు చేతులాడలేదు. నాలుగోనాడు ఆగలేక గూడేనికి వెళ్లాను.

"రోజూ అనుకునే మాటే కదరా బావా" అన్నాను.

"మాట గదే," అన్నాడాయన. "గట్టు మీద నా మొకం చూసుకుంట అంటవ్. ఆ దినం వాళ్ల మొకాలు చూసుకుంట అన్నవ్."

తప్పయిందన్నాను. ఆయన లోపలికి వెళ్లి దొప్ప తెచ్చాడు. "నడువ్ ఆంధ్రోడా, జల్దీ. పదును పోతది."

ఆ పిలుపు అంత తియ్యగా అంతకుముందెప్పుడూ వినపడలేదు. ఆయన నోట్లో మాత్రమే ముద్దుగా ఉండే ఆ మాటను కాలం ఆయనతోపాటే పట్టుకుపోయింది.

ఇంతవరకూ రాసి చదివి వినిపిస్తే, మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపింది.

"గూడేనికి మీరెక్కడ వెళ్లారండీ? వెళ్లింది నేను. మొకాల మాట ఆయన చెప్పింది నాతో. మీరు చేలో నిలబడి నేలకేసి చూస్తున్నారు. తప్పయిందని మీరు అననే లేదు. దొప్ప పట్టుకుని మీ దగ్గరికి నడిచొచ్చింది ఆయనే. అలాగే రాయండి."