మ్యాచ్ తర్వాతే భోజనం

బొబ్బిలి దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. షిఫ్టు మొదలవగానే ముందు కొలిచే గేజినే పరీక్షిస్తాం. వాడేకొద్దీ అది అరుగుతుంది. ఆదివారాలు రాజాం చుట్టుపక్కల ఊళ్ల కబడ్డీ లీగుకు రిఫరీగా వెళ్తాను. అక్కడ గేజి నేనే.

మొదటి సీజన్‌లో నా ప్రతి నిర్ణయమూ నోటుబుక్కులో రాసేవాణ్ణి: ఏ జట్టు, ఏ తప్పు, ఎన్నో నిమిషం, ఎంత దూరం. సగం సీజన్ అయ్యాక తిరగేస్తే ఒకచోట ఆగిపోయాను. కూతకు వెళ్లేవాడు నడిమి గీత దాటకముందే కూత మొదలుపెట్టాలి. దాటాక మొదలుపెడితే ఎదుటి జట్టుకు ఒక పాయింటు. మొదటి వారాల్లో ఈ తప్పు అందరికీ పట్టాను. తర్వాత సొంత ఊళ్లో ఆడే జట్టుకు దాదాపు పట్టనేలేదు.

కారణం వెంటనే తెలిసింది. ఆడించే ఊరివాళ్లు మ్యాచ్‌కు ముందు రిఫరీకి భోజనం పెట్టడం ఇక్కడి మర్యాద. మొదట్లో క్యారియర్ తెచ్చుకునేవాణ్ణి. పరిచయాలు పెరిగాక వాళ్ల కోడికూరకు అలవాటు పడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. నేనే మెత్తబడ్డాను.

ఆ వారం నుంచి ఆటకు ముందు ఇద్దరు కెప్టెన్లకూ ఈల వేసే తప్పుల జాబితా చదివి వినిపించాను. భోజనం మ్యాచ్ తర్వాతే అన్నాను. ఒక ఊరి పెద్దాయన నొచ్చుకున్నాడు కూడా.

చివరి లీగ్ మ్యాచ్ మా అక్క అత్తవారి ఊళ్లో పడింది. కెప్టెన్ మా బావే. వేరే రిఫరీని పెట్టమని అడిగాను, దొరకలేదు. ఎదుటి కెప్టెన్‌కు చుట్టరికం చెప్పేశాను, ఫర్వాలేదన్నాడు. గెలిస్తేనే బావ జట్టుకు సెమీఫైనల్. ఆఖరి నిమిషంలో స్కోరు సమం. బావ కూతకు వెళ్లాడు. కాలు గీత దాటింది, గొంతు తర్వాత లేచింది. తేడా అర అడుగు. ఈల వేశాను. ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

జనం నా బండి దాకా తిట్టుకుంటూ వచ్చారు. నేను తిన్నగా అక్క ఇంటికే వెళ్లాను. అన్నం చల్లారిపోయింది. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒరే, అర అడుక్కి ఇంకెవులికైనా ఏసినావేటి ఈల?"

"ఇంకా తక్కువకి కూడా ఏసినాను బావా. బుక్కు సూడు."

బావ పేజీలు తిప్పాడు. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివాడు. తర్వాత బుక్కు మూసి అక్కను పిలిచాడు.

"ఒసే, ఆడికి ఇంకాస్త కూరెయ్యి. వచ్చే ఏడు మాత్రం ముందే పెట్టీద్దాం."